వేరు మొన – దాని కణములకు దారి చూపు సంకేతములు

పైరు బాగున్నదా లేదా అని తెలుసుకొనుటకు మనము ఆకును చూచెదము, పిలకలు లెక్కించెదము, గింజను నలిపి చూచెదము. వేరును తవ్వి చూచువారు అరుదు. తవ్వినను, ఎంత పొడవున్నది, ఎంత గుబురుగా ఉన్నది అని చూతురే గాని దాని కొసను పట్టించుకొనరు. కాని భూమి లోపల వేరు చేయు ప్రయాణమంతయు ఆ కొసలోనే, ఆవగింజంత చోటులోనే, మొదలగుచున్నది. మొన చెడినచో తక్కిన వేరు ఎంత పొడవున్నను అది పాత వేరే. క్రొత్త మట్టిలోనికి పోజాలదు.

ఈ క్రింది నాలుగు సంగతులలో ఏదో ఒకటి మీ అనుభవములో ఉండియే ఉండును. విత్తనము పైపైన పడిన వేరుశనగ చేనిలో కలుపు మందు కొట్టిన తరువాత మొక్కలు గిడసబారినవి. తవ్వి చూడగా వేళ్ళ కొసలు ఉబ్బి గదల వలె ఉన్నవి. ప్రక్క చేనిలో 2,4-డి కొట్టిన వారమునకు మన పత్తి లేత ఆకులు సన్నగిలి, ఈనెలన్నియు దగ్గరకు చేరి వికారమైనవి. వరి కోసిన మాగాణిలో వేసిన మొక్కజొన్న వేళ్ళు జానెడు లోతునకు పోకముందే పొట్టిగా, లావుగా ఆగిపోయినవి. టమాట మొక్కను పెరుకగా వేళ్ళనిండ బుడిపెలు కనబడినవి. చూచుటకు ఇవి నాలుగును వేరు వేరు తెగుళ్ళు. మూలములో నాలుగింటికిని ఒకటే కారణము: కణములకు తప్పుడు సంకేతము అందినది, లేదా ఏది పైన, ఏది క్రింద, ఎటు చీలవలెను అను దిక్కు తెలివి వాటికి పోయినది. ఆ తెలివి వాటికి సహజముగ ఎట్లు కలుగునో తెలిసినచో, ఈ నష్టములలో చాల భాగము మన చేతిలోనిదే అని బోధపడును.

కదలలేని ఇటుకలు

మొక్క దేహమంతయు కణములతో కట్టబడినది. 1665 లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూచి, అందలి చిన్న చిన్న గదులకు ఈ పేరు పెట్టెను. జంతువుల దేహములో అనేక కణములు ఒక చోటి నుండి మరియొక చోటికి ప్రాకి పోగలవు. మొక్కలో అది సాధ్యము కాదు. ప్రతి కణము చుట్టును గట్టి గోడ కలదు. ఆ గోడ పొరుగు కణపు గోడకు అంటుకొని ఉన్నది. పుట్టిన చోటనే ఉండవలెను, అక్కడనే పెరుగవలెను.

కనుక వేరు ఆకారమంతయు రెండే పనుల వలన ఏర్పడును. ఒకటి, కణము రెండుగ చీలునపుడు మధ్య గోడ ఏ దిక్కున పెట్టుకొన్నది. రెండవది, చీలిన కణము ఏ దిక్కున సాగినది. గోడ అడ్డముగ పెట్టినచో వరుస పొడవగును, వేరు లోతునకు పోవును. నిలువుగ పెట్టినచో క్రొత్త పొర ఒకటి పుట్టును, వేరు లావగును. ఇల్లు కట్టు మేస్త్రి ఇటుకలు పేర్చి గోడ లేపును. ఇచ్చట ఇటుకయే తనలో తాను గోడ పెట్టుకొని రెండు ఇటుకలగును. అప్పుడు ఏ ఇటుకకు ఎవరు చెప్పవలెను, అడ్డముగనా నిలువుగనా అని? శాస్త్రజ్ఞులను వంద సంవత్సరములకు పైగా వేధించిన ప్రశ్న ఇదియే.

మొనలో ఏమున్నది

వేరు చివర ఒక తొడుగు కలదు. మట్టిరేణువులలో దూరునపుడు రాపిడికి అది అరిగిపోవుచుండును; లోపలి నుండి క్రొత్త కణములు పుట్టి ఆ లోటు తీర్చును. తొడుగు పైన జిగురు వంటి పదార్థము ఊరును. దాని వెనుకనే కణములు చీలు భాగము. దాని పైన కణములు చీలుట మాని పొడవుగ సాగు భాగము. దానికి పైన సన్నని నూగు వంటి వేరు రోమములు గల భాగము; నీటిని, పోషకములను పీల్చు పని ఎక్కువగ అచ్చట జరుగును.

తొడుగునకు సరిగా పైన, చీలు భాగపు నడిబొడ్డున, ఒక విచిత్రమైన చోటున్నది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన క్లౌస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1950–60 సంవత్సరముల మధ్య మొక్కజొన్న మొదలగు వాటి వేళ్ళను పరీక్షించి, ఆ నడిబొడ్డు కణములు దాదాపు చీలవని చూపెను. చుట్టును అంత హడావుడి జరుగుచుండగా నడుమ ఆ కొద్ది కణములు మాత్రము నిమ్మళముగ ఉండును. వాటిని శాంతకేంద్రమని పిలువవచ్చును. రైతు తిండి గింజలు ఖర్చుపెట్టును గాని విత్తనమునకై దాచిన గాదె జోలికి పోడు. శాంతకేంద్రము వేరునకు అటువంటి గాదె. దానిని తాకుచు ఉన్న కణములు మూలకణములు. వేరులోని ప్రతి పొరయు వాటి సంతతియే.

ఈ భాగములను కంటితో చూచుటకు పరికరములేవియు అక్కరలేదు. కొన్ని శనగలను రాత్రి నానబెట్టి తడిగుడ్డలో మూటకట్టవలెను. వేరు రెండు సెంటీమీటర్లు వచ్చిన తరువాత, తిన్నని వేరు గల గింజను ఎన్నుకొని, కొస నుండి పైకి మిల్లీమీటరు ఎడముగ, సిరాలో ముంచిన సన్నని దారముతో గీతలు అద్దవలెను. గాజు గ్లాసు లోపల తడిగుడ్డ పరచి, గ్లాసునకును గుడ్డకును నడుమ గింజను వేరు క్రిందికి ఉండునట్లు నిలిపి, మూత వేసి ఉంచవలెను. మరునాడు చూచినచో గింజ వైపు గీతలు నిన్నటి వలెనే ఉండును. కొసకు కొంచెము పైనున్న గీతలు మాత్రము ఒకదానికొకటి దూరముగ జరిగి, సిరా చెదరి కనబడును. వేరు గింజ దగ్గర నుండి నెట్టబడి దిగుట లేదు. మొన దగ్గరనే పొడవగుచున్నది. జర్మనీలో జూలియస్ సాక్స్ పందొమ్మిదవ శతాబ్దములో ఈ పద్ధతినే వాడెను. వెచ్చని తేమ నేలలో మొక్కజొన్న తొలి వేరు గంటకు 2, 3 మిల్లీమీటర్లు సాగగలదు. ఆ సాగుదల అంతయు చివరి సెంటీమీటరు పట్టున జరుగును.

పొరుగువారు చెప్పు మాట

ఒక కణము బయటి చర్మము కావలెనా, లోపలి నీటి గొట్టము కావలెనా అనునది దాని పుట్టుకను బట్టి నిర్ణయమగునా, అది ఉన్న చోటును బట్టియా? అనగా వంశమా, స్థానమా? ఈ తగవు తీర్చినది అరబిడాప్సిస్ అను చిన్న మొక్క. ఆవ కుటుంబమునకు చెందిన కలుపు మొక్క అది. రైతునకు దానితో పని లేదు. కాని దాని వేరు దారము వలె సన్నము, లోపలి పొరలు ఒక్కొక్క కణము మందమే, శాంతకేంద్రములో నాలుగే కణములు. ఏ కణము ఎక్కడ ఉన్నదో వేలు పెట్టి చూపవచ్చును.

1995 లో నెదర్లాండ్సు దేశములో బెన్ షేరెస్ బృందము వారు ఈ వేరులో ఒక్కొక్క కణమును లేజరు కిరణముతో చంపి చూచిరి. చచ్చిన కణపు చోటులోనికి లోపలి పొర కణము ఒకటి జరిగినది. జరిగిన వెంటనే తన పాత వృత్తి వదలి, క్రొత్త చోటునకు తగిన పని అందుకొన్నది. వంశము ఓడినది, స్థానము గెలిచినది. అంతేకాదు, పైనున్న పెద్ద కణములతో సంబంధము తెగిన మూలకణము సరియైన దిక్కున చీలలేకపోయినది. 1997 లో వారే శాంతకేంద్రపు కణమును ఒకదానిని చంపగా, దానిని తాకుచున్న మూలకణము మాత్రమే చీలుట మాని ముదిరిపోయినది. గాదె కాపలాదారు ఎంత దగ్గరి వారికి మాత్రమే మాట చెప్పునో దీనివలన తేలినది.

ఈ మాటలు ఏ రూపములో పోవును? ఒక దృష్టాంతము చెప్పెదము. వేరు నడుమ నీటి గొట్టములుండు స్తంభము కలదు. దానిని చుట్టి ఒక పొర కలదు. దానిని అంతశ్చర్మము అందురు. ఈ పొర కణముల నడుమ సందులు మైనము వంటి పట్టీతో పూడ్చబడి ఉండును. నీరు గాని లవణము గాని కణముల సందుల గుండ లోనికి జారిపోవుటకు వీలులేదు. కణము అనుమతించినదే లోపలికి పోవలెను. చౌడు నేలలో ఉప్పు ఇష్టము వచ్చినట్లు లోపలికి పోకుండ ఆపు కావలి ఇదియే. ఇంత ముఖ్యమైన పొర ఒకటే ఏర్పడవలెను, రెండు కాకూడదు, లేకను పోరాదు.

ఆ లెక్క ఇట్లు కుదురుచున్నది. నడిమి స్తంభపు కణములు ఒక మాంసకృత్తును తయారుచేసి బయటికి పంపును. అది లేని మొక్కల వేరు పొట్టిగా ఉండుటచే దానికి షార్ట్‌రూట్ అని పేరు. 2001 లో అమెరికాలో ఫిలిప్ బెన్‌ఫీ బృందము వారు అది సరిగా ఒక్క పొర దూరము మాత్రమే పోవునని కనుగొనిరి. పొరుగు పొరలో స్కేర్‌క్రో అను మరియొక మాంసకృత్తు దానిని పట్టుకొని అక్కడనే ఉంచును; దాటిపోనియ్యదు. రెండును కలిసినచోట మూలకణపు సంతతి నిలువుగ చీలి, ఒక భాగము అంతశ్చర్మము, రెండవ భాగము దాని బయటి పొర అగును. పక్కింటికి వ్రాసిన ఉత్తరము పక్కింటిలోనే విప్పబడినట్లున్నది గదా! ఉత్తరము అందనిచో రెండు పొరలకు బదులు ఒకటే పొర మిగులును, వేరు ఎదుగదు. వరి వేరులో బయటి పొరలు ఎక్కువ. అయినను ఇటువంటి మాంసకృత్తులే అందును కలవు.

గోడ పెట్టుటకు ముందు గీత

మేస్త్రి గోడ కట్టుటకు ముందు దారము లాగి సున్నముతో గీత గీయును. కణము కూడ అట్లే చేయును. 1966 లో కేంబ్రిడ్జిలో పికెట్-హీప్స్, నార్త్‌కోట్ అను ఇరువురు గోధుమ నారు కణములను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరీక్షించి ఈ గీతను చూచిరి. కణము చీలుటకు ముందు, గోడ లోపలి వైపున, సన్నని గొట్టముల వంటి పోగులు నడికట్టు వలె కణము చుట్టును ఒక పట్టీగ చేరును. తరువాత ఆ పట్టీ మాయమగును. కేంద్రకము రెండుగ చీలి, క్రొత్త గోడ నడుమ నుండి అంచులకు పెరిగి, సరిగా ఆ పట్టీ ఉన్న చోటనే అతుకుకొనును. గీత చెరిగిపోయినను దాని జ్ఞాపకము మిగిలియున్నదన్న మాట. 2019 లో నెదర్లాండ్సు దేశములోనే డోల్ఫ్ వైయెర్స్ బృందము వారు కణపు ఒక్కొక్క మూలలో మాత్రమే చేరియుండు మాంసకృత్తులను కనుగొని, జపాను భాషలో మూలరాయి అను అర్థము వచ్చు సొసేకి అను పేరు పెట్టిరి. వాటిని మితిమీరి ఉత్పత్తి చేయించినప్పుడు చీలిక గోడలు వంకరపోయినవి.

ఇక మొదట చెప్పిన వేరుశనగ సంగతి. పెండిమెథాలిన్ అను కలుపు మందు మీకు తెలిసినదే. అది కలుపు గింజను చంపదు, ఆకును మాడ్చదు. అది చేయునదెల్ల ఈ సన్నని పోగులు కూడకుండ చేయుట మాత్రమే. పోగులు చిన్న చిన్న ముక్కలు ఒకదానికొకటి అతికి తయారగును. మందు ఆ ముక్కలకు అంటుకొని అతుకనియ్యదు. పోగులు లేనిచో నడికట్టు పడదు, కేంద్రకము సరిగా పంచుకొనబడదు, గోడ లేవదు. సాగవలసిన కణమునకును దిక్కు తెలియక అన్ని వైపులకును ఉబ్బును. అందుచేత కొస గద వలె అగును. మొలకెత్తిన గడ్డి మొలకను తవ్వి చూచినచో మందు పనిచేసినదా లేదా అని ఆ ఉబ్బును బట్టి చెప్పవచ్చును.

మన పైరు వేరునకు, గడ్డి వేరునకు తేడా ఈ మందునకు పూర్తిగ తెలియదు. పైరును కాపాడునది చాల వరకు లోతు. మందు నేల పై పొరలో నిలిచియుండును. చిన్న కలుపు గింజలు ఆ పొరలోనే మొలకెత్తి చిక్కుకొనును. 5 సెంటీమీటర్ల లోతున పడిన వేరుశనగ వేరు దాని క్రిందుగ దిగిపోవును. కనుక విత్తనము పైపైన పడినచో, లేదా విత్తిన చాలు సరిగా కప్పబడక గింజ బయటికి కనబడుచుండగా మందు కొట్టినచో, పైరునకును కలుపు గతియే పట్టును. ఇసుక నేలలలో పెద్ద వాన కురిసినప్పుడు మందు క్రిందికి దిగుట కూడ కలదు. అందుచే తేలిక నేలలకు చీటీ మీద వ్రాసిన తక్కువ మోతాదునే వాడవలెను. విత్తిన ఒకటి రెండు దినములలో, తేమ ఉన్నప్పుడు, గింజ బాగుగ కప్పబడిన తరువాతనే కొట్టవలెను. ఎక్కువ కొట్టినచో ఎక్కువ పనిచేయును అను నమ్మకము ఈ మందు విషయములో మిక్కిలి ప్రమాదకరము.

తల ఏది, మొదలు ఏది

1878 లో జర్మనీలో ఫోక్టింగ్ అను శాస్త్రజ్ఞుడు ఒక చెట్టు కొమ్మముక్కలను కొన్నింటిని నిటారుగ, కొన్నింటిని తలక్రిందులుగ వ్రేలాడదీసి తేమలో ఉంచెను. తలక్రిందులుగ ఉన్న ముక్కకు కూడ వేళ్ళు పాత మొదటి కొసనుండియే, అనగా ఇప్పుడు పైకి ఉన్న కొసనుండియే, పుట్టినవి. ముక్కను తిప్పినను దాని కణములు తమ తలను, మొదలును మరువలేదు. దీనినే ధ్రువత్వమందురు.

దానికి కారణము ఆక్సిన్ అను హార్మోను. 1926–28 మధ్య ఫ్రిట్స్ వెంట్ అను డచ్చి యువకుడు ఓట్ల మొలకలతో దాని ఉనికిని రుజువు చేసెను. అది లేత ఆకులలో తయారై క్రింది వైపుకే పోవును. ఎందువలన? ప్రతి కణములోను ఆక్సిన్‌ను బయటికి పంపు తూములు కలవు. పిన్ అని వాటి పేరు. ఆ తూములు చెడిన మొక్క కాడకు పూలు రాక గుండుసూది వలె ఉండును గనుక ఆ పేరు వచ్చినది. మొదటి తూమును 1998 లో జర్మనీలో గుర్తించిరి. వీటి విశేషమేమనగా, ఇవి కణము చుట్టును సమముగ ఉండవు. ఒక్క వైపుననే చేరును. వరుసలోని కణములన్నింటికిని తూములు క్రింది గోడలోనే ఉన్నప్పుడు, చెరువు క్రింద మడి తరువాత మడికి నీరు పారినట్లు, ఆక్సిన్ మొదటికి పారును.

వేరు నడుమ దిగివచ్చిన ఆక్సిన్ మొనలో నిండును. శాంతకేంద్రము దగ్గర అది మిక్కుటము. అచ్చట మూలకణములు నిలుచును. కొంచెము తగ్గినచోట కణములు చీలును. ఇంకను తగ్గినచోట సాగి ముదురును. కాలువ పై చివర చేనికి ఒక పంట, మధ్య చేనికి ఒక పంట, శివారు చేనికి ఒక పంట అన్నట్లు, ఎంత అందినది అనుదానిని బట్టి కణము తన పనిని ఎన్నుకొనును. మొన నుండి ఆ ఆక్సిన్ ప్రక్కలకు మళ్ళి, బయటి పొరల గుండ వెనుకకు, సాగు భాగము వరకు పోవును.

వేరు క్రిందికే ఎందుకు పోవును అనుదానికి కూడ జవాబు ఇందులోనే ఉన్నది. తొడుగు కణములలో బరువైన పిండిరేణువులుండును. మేస్త్రి దారముతో వ్రేలాడదీయు గుండు వంటివి అవి. గింజ అడ్డముగ పడినచో కొన్ని నిమిషములలోనే రేణువులు క్రొత్త అడుగు వైపునకు జారును; తూములు కూడ ఆ వైపునకు చేరును; ఆక్సిన్ క్రింది ప్రక్కకు ఎక్కువగ పారును. కాడలో ఆక్సిన్ ఎక్కువైనచో కణములు సాగును. వేరులో ఆ మోతాదుకే సాగుదల తగ్గును. క్రింది ప్రక్క తగ్గి పై ప్రక్క సాగుటచే మొన క్రిందికి వంగును. గీతలు పెట్టిన శనగ మొలకను అడ్డముగ త్రిప్పి ఉంచినచో తెల్లవారునప్పటికి వంపు చూడవచ్చును. మరియొక మొలకకు కొసను ఒక మిల్లీమీటరున్నర మేర వాడి బ్లేడుతో కోసి అడ్డముగ ఉంచి చూడుడు. అది సాగును గాని, మొన మరల ఏర్పడువరకు వంగదు. చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1880 లో ప్రచురించిన గ్రంథములో ఇటువంటి పరీక్షలు అనేకము వర్ణించి, వేరు మొనను చిన్న ప్రాణుల మెదడుతో పోల్చిరి. అప్పటి పండితులు కొందరు నవ్విరి.

తోటలో దీని ఉపయోగము తెలిసినదే. మునగ, ద్రాక్ష, మల్లె ముక్కలు నాటునపుడు మొదలు క్రిందికే ఉండవలెను. కత్తిరించిన తరువాత కట్టలో ఏది తల, ఏది మొదలు అని తికమక రాకుండ, పై కొస తిన్నగను, క్రింది కొస ఏటవాలుగను కోయు అలవాటు మంచిది. వేరు పుట్టించు ఐ.బి.ఎ. పొడి కూడ ఆక్సిన్ జాతిదే. క్రింది కొసకే, కొద్దిగ మాత్రమే అంటించవలెను. ఎక్కువైనచో కోసినచోట కండ పుట్టి కుళ్ళునే గాని వేరు రాదు.

2,4-డి కూడ ఆక్సిన్‌ను అనుకరించునదే. 1940 తరువాత వాడుకలోనికి వచ్చినది. మొక్క తన ఆక్సిన్‌ను అవసరము తీరినప్పుడు విరుగగొట్టుకొనును, తూముల గుండ బయటికి పంపుకొనును. ఈ నకిలీ ఆక్సిన్ అంత త్వరగ విరుగదు, తూముల గుండ సరిగా పోదు, కణములో నిలిచిపోవును. అన్ని కణములకును ఒకేసారి అదే ఆజ్ఞ అందినట్లగును. వరి, జొన్న, చెరకు వంటి గడ్డిజాతి పైర్లు తగిన వయసులో దీనిని తట్టుకొనును. పత్తి, టమాట, ద్రాక్ష ఏమాత్రము తట్టుకొనలేవు. పత్తి చేనికి ప్రక్కన గాలి వీచునపుడు 2,4-డి కొట్టుట పొరుగువాని పంటను పాడుచేయుటయే. ఈ మందు కొట్టిన పంపుతోనే పత్తికి పురుగుమందు కొట్టి నష్టపోయినవారు ప్రతి సంవత్సరము కనబడుచుందురు. ఈ మందునకు పంపును ప్రత్యేకముగ ఉంచుకొనుట ఉత్తమము.

గట్టి నేల, చిక్కిన గాలి

గట్టిపడిన నేలలో వేరు ఎందుకు ఆగును? బలము చాలక అని మనము అనుకొందుము. శాస్త్రజ్ఞులును చాలకాలము అట్లే అనుకొనిరి. 2021 లో ఇంగ్లండులో నాటింగ్‌హాం విశ్వవిద్యాలయపు బిపిన్ పాండే, మాల్కం బెన్నెట్ మున్నగువారు వేరొక సంగతి చూపిరి. వేరు మొన ఎథిలీన్ అను వాయువును విడుచుచుండును. అరటికాయలను మాగించునది అదియే. గుల్ల నేలలో ఆ వాయువు సందుల గుండ తొలగిపోవును. గట్టి నేలలో సందులు మూసుకొనిపోవుటచే అది మొన చుట్టునే చిక్కుకొనును. అది పోగైనదనగా నేల గట్టిగా ఉన్నదని వేరునకు తెలిసి, సాగుట తగ్గించి లావగును. ఎథిలీన్‌ను గుర్తింపలేని వరి మొక్కలను అదే గట్టి నేలలో పెంచగా వాటి వేళ్ళు లోతునకు దిగినవి! బలము లేక కాదు, సంకేతము వలన ఆగుచున్నవని తేలినది.

దమ్ము చేసిన మాగాణులలో నాగలి లేక ట్రాక్టరు చక్రము క్రింద గట్టి పొర ఏర్పడును. వరికి ఆ పొర నీటిని నిలుపును గనుక వరి మాత్రమే వేయు నేలలో దానిని పగులగొట్టవలసిన పని లేదు. పగులగొట్టినచో నీరు నిలువదు. వరి తరువాత మొక్కజొన్న గాని అపరాలు గాని వేయు నేల సంగతి వేరు. ఇనుప చువ్వను పదునులో గ్రుచ్చి చూచినచో ఏ లోతున ఆగుచున్నదో తెలియును. తడి నేలలో బరువైన యంత్రములను తిప్పకుండుట మొదటి జాగ్రత్త. పశువుల ఎరువు, జనుము, జీలుగ వేసి కలియదున్నుట వలన సందులు నిలుచును. వేసవిలో లోతు దుక్కి అనేక మెట్ట నేలలకు మేలు. కంది వేళ్ళు కుళ్ళిన తరువాత మిగులు రంధ్రములు మరుసటి పైరు వేరునకు తయారుగ ఉన్న దారులు.

ఇతర ప్రాణులు పంపు సంకేతములు

వేరులో చీలుట మానిన కణములను మరల చీలునట్లు చేయు నేర్పు కొన్ని ప్రాణులకు కలదు. బటాణీ, సోయా వంటి పైర్ల వేళ్ళకు రైజోబియమ్ సూక్ష్మజీవి ఒక రసాయన సంకేతము పంపగా బయటి పొర కణములు చీలి బుడిపె కట్టును. అది ఉభయులకు లాభము. నులిపురుగు చేయునది దొంగతనము. అది టమాట, వంగ, బెండ వేళ్ళలో నీటి గొట్టముల వద్ద చేరి కొన్ని కణములకు తన రసములు ఎక్కించును. ఆ కణములలో కేంద్రకము మరల మరల చీలును, నడుమ గోడ మాత్రము లేవదు. కణము రాక్షస రూపమగును. పురుగు దానికి నోరుపెట్టి బ్రతుకును. చుట్టుపట్ల వేరు ఉబ్బును.

రెండు బుడిపెలను గుర్తించుటలో పొరపాటు పడరాదు. మేలుచేయు బుడిపె వేరు ప్రక్కకు అంటుకొని ఉండును, వ్రేలితో రుద్దినచో ఊడివచ్చును, చిదిమిన లోపల గులాబి రంగు కనబడును. నులిపురుగు బుడిపె వేరే ఉబ్బినది, ఊడిరాదు. అటువంటి మడిలో మరల టమాట, వంగ వేయక బంతిని పంట మార్పిడిగ వేయవలెను. నారుమడి ఆ చేనిలో పోయనే కూడదు.

లోతు వేరునకై

వరిలో ఐ.ఆర్. 64 పైపైన వేరు పట్టు రకము. మన రాష్ట్రములలో విరివిగ పండించిన ఎం.టి.యు. 1010 కు జనకులలో ఇది ఒకటి. ఫిలిప్పీన్సు మెట్ట రకమైన కినాన్‌డాంగ్ పటాంగ్ వేరు నిటారుగ దిగును. జపానులో యుసాకు ఉగా బృందము వారు ఈ తేడాకు కారణమైన డ్రో1 అను జన్యువును గుర్తించి 2013 లో వెల్లడించిరి. ఆక్సిన్ అదుపులో పనిచేయు ఈ జన్యువు మొన కణముల సాగుదలను మార్చి వేరును క్రిందికి వంచును. దానిని సంకరము ద్వారా ఐ.ఆర్. 64 లోనికి తెచ్చి బెట్టలో పెంచగా, మామూలు ఐ.ఆర్. 64 కంటె దిగుబడి మెరుగుగ నిలిచినది. ఎకరమునకు ఎన్ని కణములని ఎవరును లెక్కింపరు గాని, మొనలోని కొద్ది కణములు ఎటు సాగినవి అనుదాని మీద ఇంత ఆధారపడి ఉన్నది.

పైరు గిడసబారినప్పుడు మొక్కను లాగి పెరుకరాదు. మొన మట్టిలోనే తెగి ఉండిపోవును, చూడవలసినదే పోవును. జానెడు దూరమున పారతో చుట్టును తవ్వి, మట్టిగడ్డతో సహా లేపి, బకెట్టు నీటిలో అరగంట నాననిచ్చి, మెల్లగ ఆడించి కడుగవలెను. బాగున్న చోటి మొక్కను ఒకదానిని, చెడిన చోటి మొక్కను ఒకదానిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. మొనలు తెల్లగ, సన్నగ ఉన్నవా, ఉబ్బినవా, నల్లబడినవా, బుడిపెలు ఎచ్చట ఉన్నవి అని గుర్తించి, కారణము తెలియనిచో రెండు మొక్కలను తడిగుడ్డలో చుట్టి అదే దినమున కృషి విజ్ఞాన కేంద్రమునకు తీసికొనిపోవలెను. ఆ చేనిలో ఏ మందు, ఏ తేదీన, ఎంత కొట్టినది కాగితము మీద వ్రాసి వెంట తీసికొనిపోవలెను.